అమ్లమృత్తిక: పేరు లేని నేలను గూర్చి ఒక పారిభాషిక పరిశీలన

అమరకోశం ద్వితీయకాండంలోని భూమివర్గాన్ని పాఠం చెప్పే అధ్యాపకులకు నేలను గూర్చిన పదసంపద కొత్తది కాదు. మట్టికి సామాన్యనామాలు మృత్తు, మృత్తిక. ప్రశస్తమైన మట్టికి మృత్స, మృత్స్న. సమస్త సస్యాలతో నిండిన నేల ఉర్వర. క్షారమృత్తికకు ఊషమని పేరు. అది కల చోటు ఊషరం. నీరు లేనిది మరువు, ధన్వం. దున్నబడనిది ఖిలం, అప్రహతం. గులకరాళ్లు కలది శర్కరిలం. ఇసుక కలది సికతిలం. నీటి ఆధారాన్ని బట్టి నదీమాతృకమనీ దేవమాతృకమనీ దేశభేదం. వైశ్యవర్గానికి వస్తే పంటను బట్టి క్షేత్రానికి పేర్లున్నవి: వ్రైహేయం, శాలేయం, తిల్యం, మాష్యం, మౌద్గీనం మొదలైనవి. ఇంత విస్తారమైన పట్టికలో క్షారమృత్తికకు ప్రత్యేకనామం ఉన్నది, అమ్లమృత్తికకు లేదు. ఈ లోపం నిఘంటుకర్త ఏమరుపాటా, లేక నేలలోనే దానికి కారణమున్నదా అన్నది ఈ వ్యాసంలో విచారించదలచిన విషయం.

ఈ విచారణ కేవలం కోశపాండిత్యానికి సంబంధించినది కాదు. వృక్షాయుర్వేద గ్రంథాలలో భూమికి షడ్రసాలు చెప్పబడినవి. వాటిలో అమ్లం ఒకటి. దీనిని చూపి, నేటి శాస్త్రం చెప్పే ఆమ్లనేలలను ప్రాచీనులు ఎరుగుదురనీ, రెండూ ఒకటేననీ వ్రాసే అలవాటు మనలో బలపడుతున్నది. మరొకవైపు వ్యవసాయ పాఠ్యగ్రంథాలు తెలుగు చేసేవారు ఆమ్లం, క్షారం, లవణం అనే మూడు సంస్కృత పదాలతోనే పని గడుపుకొంటున్నారు. ఆమ్లనేలకు మందు సున్నం. క్షారనేలకు మందు జిప్సం. పేరు తారుమారైతే మందు తారుమారవుతుంది. సున్నం సహజంగానే నిండివున్న నేలలో మళ్లీ సున్నం చల్లమని చెప్పినట్లైతే ఖర్చు ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ముందుగా వస్తువును గూర్చి. నేటి మృత్తికాశాస్త్రం చెప్పే ఆమ్లగుణం కల బంకనేల ఉష్ణమండలంలో, అధిక వర్షపాతం కల చోట్ల, వేల లక్షల సంవత్సరాల కాలంలో ఏర్పడుతుంది. వాననీరు స్వభావం చేతనే కొద్దిగా ఆమ్లమైనది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కరిగించుకొనడం వలన దాని పి.హెచ్. విలువ ఇంచుమించు 5.6 ఉంటుంది. ఈ కొలమానాన్ని 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టినాడు. 7 తటస్థం, అంతకు ఒక అంకె దిగితే ఆమ్లత పదిరెట్లు పెరిగినట్లు. ఆ నీరు నేలలోనికి దిగుతూ కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం అనే వాటిని కరిగించి క్రిందికి, చివరకు ఏటిలోనికి తీసుకొనిపోతుంది. వాటి స్థానాన్ని ఉదజని, అల్యూమినియం ఆక్రమిస్తాయి. పి.హెచ్. 5.5 కంటె దిగినకొద్దీ బంకమట్టిలో బద్ధమై ఉండిన అల్యూమినియం కరిగి నీటిలోనికి వస్తుంది. లీటరు నీటిలో ఒకటి రెండు మిల్లీగ్రాములున్నా సుకుమారమైన పైరుల వేరుకొసలు మొద్దుబారి, ఎదుగుదల నిలిచిపోతుంది. ఆమ్లనేల పైరును చంపేది పులుపుతో కాదు, ఈ లోహంతో. ఈ విషయం మున్ముందు మనకు అవసరపడుతుంది.

రెండవ లక్షణం బంకమట్టి. పైపొరలోని సన్నని రేణువులు నీటితోపాటు దిగి క్రింది పొరలో పేరుకొంటాయి. అందువలన పైన తేలికమన్ను, లోపల బరువైన మన్ను కనబడుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. శాస్త్రంలో బంకమట్టి అంటే రెండు మైక్రాన్ల కంటె సన్నని రేణువు అని పరిమాణాన్ని బట్టి నిర్వచనం. తెలుగులో బంకమన్ను అంటే చేతికి అంటుకొనేది అని స్పర్శను బట్టి నిర్వచనం. వానలకు బాగా కడిగివేయబడిన ఉష్ణమండలపు ఎర్రబంకలో ప్రధానంగా ఉండేది కయోలినైటు అనే ఖనిజం, దానితో ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు. ఇవి తడిపినా అంతగా ఉబ్బవు, ఎండినా పెద్దగా పగలవు, తరచుగా రవ్వలు రవ్వలుగా విడిపోతాయి. అనగా నిర్వచనం చేత బంకమట్టి, చేతికి మాత్రం బంక లేనిది. దీనికి పూర్తిగా విరుద్ధమైనది గుంటూరు ప్రాంతపు నల్లరేగడి. దానిలో స్మెక్టైటు జాతి ఖనిజం. పోషకాలను పట్టి ఉంచే శక్తిని లెక్కించితే కిలో శుద్ధ కయోలినైటు 3 మొదలు 15 సెంటీమోల్లు పట్టగా, స్మెక్టైటు 80 మొదలు 120 వరకు పడుతుంది. రెండూ బంకమన్నులే. ఒకటి బీద గిడ్డంగి, రెండవది నిండు గిడ్డంగి.

వర్గీకరణ నామాలను గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. అవి పదవ్యుత్పత్తి తెలిసినవారికి ఆసక్తికరమైనవి కూడా. భారతదేశపు నేలలను 1893లో వోల్కర్, 1898లో లెదర్ అనే రసాయనశాస్త్రజ్ఞులు ఒండ్రు, నల్లరేగడి, ఎర్రనేల, లేటరైటు అని నాలుగుగా విభజించినారు. ఈ విభాగం రంగునూ పుట్టుకనూ కలగలిపినది. పాఠశాల పుస్తకాలలో నేటికీ దీని ఛాయలే ఉన్నవి. లేటరైటు అన్న పేరు పెట్టినది ఫ్రాన్సిస్ బుకానన్. ఆయన 1800–1801లో మలబారులో సంచరిస్తూ అంగాడిపురం వద్ద, తవ్వేటప్పుడు మెత్తగా ఉండి గాలికి గట్టిపడే మట్టిని ఇటుకలుగా కోయడం చూచి, 1807లో ప్రకటించిన గ్రంథంలో లాటిన్‌లో ఇటుక అన్న అర్థమిచ్చే పదంతో ఆ పేరు కల్పించినాడు. ఇది వాడుకను బట్టి పెట్టిన పేరు. రంగును బట్టి కాదు, రుచిని బట్టీ కాదు.

తరువాత 1975లో అమెరికా వారి మృత్తికావర్గీకరణం వెలువడినది. దానిలో కడిగివేతకు చివరిదశలో ఉన్న ఆమ్లపు బంకనేలకు అల్టిసోల్ అని పేరు. లాటిన్‌లో అల్టిముస్ అంటే కడపటిది. తక్కువగా కడగబడిన దానికి ఆల్ఫిసోల్. ఇందులో అల్యూమినియం, ఇనుముల సంజ్ఞలు దాగి ఉన్నవి. నల్లరేగడికి వెర్టిసోల్, తిరగబడేది అని అర్థం. వేసవిలో పగుళ్లు తీసి, పైమన్ను ఆ పగుళ్లలో పడి, వానకు ఉబ్బి, ఏటేటా తనను తానే త్రిప్పుకొనే నేలకు తగిన పేరే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, యునెస్కో కలిసి 1974లో రూపొందించిన పటవివరణలో ఆమ్లపు బంకనేల పేరు ఆక్రిసోల్. 1998లో మొదలై 2022లో నాల్గవ కూర్పుగా వచ్చిన ప్రపంచ మృత్తికా నిర్దేశంలోనూ ఈ పేరు నిలిచినది. ప్రపంచంలో ఇంచుమించు 100 కోట్ల హెక్టారుల నేల ఈ కోవలోనిదని అంచనా. లాటిన్ ఆకెర్, ఆక్రిస్ అన్న శబ్దానికి తీక్ష్ణం, వాడియైనది అని అర్థం. ఇది సంస్కృత అశ్రి శబ్దానికి జ్ఞాతి. చతురశ్రం, త్ర్యశ్రం అన్న మాటలలో అంచు అనే అర్థంలో మనకు పరిచితమైనదే. పాశ్చాత్యులు నాలుకకు కోసినట్లు తగిలే గుణానికి అంచు పేరు పెట్టినారు. మనవారు రసం పేరు పెట్టినారు. ఏదైనా మొదటి సాక్షి నాలుకయే.

కాని అల్టిసోల్‌ను ఆల్ఫిసోల్ నుండి వేరుచేసే గీత నాలుకకు గానీ కంటికి గానీ తెలిసేది కాదు. రెండింటిలోనూ పైన తేలిక, లోపల బంక. రెండూ సాధారణంగా ఎరుపే. నిర్ణీతమైన లోతులో, బంక పట్టగలిగిన మొత్తంలో కాల్షియం వంటివి నూటికి 35 పాళ్లకు లోబడి ఉంటే అల్టిసోల్, మించితే ఆల్ఫిసోల్. ఎర్రనేల ఎదుట నిలిచి ఇది ఆమ్లనేల అని రంగు చూచి చెప్పడం సాహసమే.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాము. ఆమ్లమృత్తికకు పేరు ఎందుకు లేదో తెలుసుకొనడానికి, అది లేని నేల ఎట్లున్నదో చూడవలసి ఉన్నది కదా. అందుకు వాడరేవు నుండి పిడుగురాళ్లకు పోయే రహదారి అనువైన దారి. 1970 వరకు గుంటూరు మండలంలోనూ, ఆపైన ప్రకాశం జిల్లాలోనూ, 2022 నుండి బాపట్ల జిల్లాలోనూ ఉన్న వాడరేవు చీరాలకు ఆరేడు కిలోమీటర్ల దూరపు సముద్రతీరం. ఇక్కడిది సికతిలం. ఇసుకలో లోతు లేని గుంటలు తీసి నీరు తోడుకొనే పద్ధతి ఈ తీరంలో ఉన్నది. ఆ గుంటను దొరువు అంటారు. పైన వాననీరు తేలి, క్రింద ఉప్పునీరు ఉంటుంది కనుక దొరువు లోతుగా త్రవ్వరాదు. బాపట్లలోని లవణజల పరిశోధన కేంద్రం ఈ దొరువులనే మెరుగుపరచి సేద్యానికి అనుకూలం చేసినది. చీరాల దాటి కొమ్మమూరు కాలువ ప్రాంతానికి వచ్చేసరికి ఇసుక పోయి బరువైన ఒండ్రు. పర్చూరు, చిలకలూరిపేట వైపు నల్లరేగడి. ప్రత్తికీ మిరపకూ ప్రసిద్ధి చెందిన నేల ఇదే. నరసరావుపేట చుట్టుప్రక్కల నలుపు, ఎరుపు కలసి ఉంటాయి. పిడుగురాళ్ల చేరేసరికి సున్నపురాతి ప్రదేశం. ఆ ఊరు సున్నపు బట్టీలకు పేరుపొందినది.

ఈ దారిలో ఎక్కడా విస్తారమైన ఆమ్లపు బంకనేల కనబడదు. కారణం వాన. గుంటూరు ప్రాంతపు సాలీనా వర్షపాతం 800 మొదలు 900 మిల్లీమీటర్ల నడుమ. బుకానన్ లేటరైటు చూచిన మలబారులో దాదాపు 3000. ఇక్కడి వాన నేలను తడుపుతుందే గాని కడిగివేయదు. కరిగిన సున్నం క్రిందికి కొద్దిదూరం దిగి, ఎండకు మళ్లీ గట్టిపడి, రేగడిలో తెల్లని గులకలుగా నిలుస్తుంది. దున్నేటప్పుడు నాగలికి తగిలేవి ఇవే. సున్నపు గులకలున్న నేల ఆమ్లం కాజాలదు. ఆమ్లం పుట్టిన చోటనే అవి దానిని చంపుతాయి. అందుచేత ప్రత్తికీ మిరపకూ ఏటేటా వేసే యూరియా, అమ్మోనియం సల్ఫేటు ఆమ్లాన్ని పుట్టించే స్వభావం కలవైనా రేగడి దానిని సహించుకొంటుంది. పడమటి తేలిక ఎర్రనేలలకు ఆ సహనం తక్కువ. అక్కడ ముందుముందు పి.హెచ్. పరీక్ష అవసరం పెరుగుతుందని నా అభిప్రాయం.

ఈ రేగడి అనే మన మాటయే ఆంగ్లంలో రెగర్ అన్న రూపంతో భూగర్భశాస్త్ర గ్రంథాలకు ఎక్కినది. యూల్, బర్నెల్ 1886లో వెలువరించిన హాబ్సన్-జాబ్సన్ కోశం దానిని దక్కనీ హిందీ పదంగా చూపుతూనే తెలుగు రూపాన్ని కూడా పేర్కొన్నది. పటాన్‌చెరువులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ క్షేత్రంలో నల్లనేలకు కాసిరెడ్డిపల్లి శ్రేణి అనీ, ఎర్రనేలకు పటాన్‌చెరువు శ్రేణి అనీ తెలుగు ఊళ్ల పేర్లే పెట్టినారు. ఎర్రనేల అయిన ఆ రెండవది కూడా ఆల్ఫిసోల్ వర్గంలోనిదే, అల్టిసోల్ కాదు. తెలుగునాట ఆమ్లస్వభావం కల నేలలు కావలెనంటే తూర్పు కనుమల ఎత్తు ప్రాంతానికి, అరకు, చింతపల్లి వైపునకు పోవలెను. ఖొండలైటు శిలలు అతిగా క్షయించి, గాలికొండ, అనంతగిరి ప్రాంతపు కొండల శిఖరాల మీద బాక్సైటుగా మిగిలిన తావు అది. సిలికా కూడ కడుక్కొనిపోయి అల్యూమినియం మిగలడం కడిగివేతకు పరాకాష్ఠ. అక్కడి వాలులలో నేడు కాఫీ, మిరియం పండుతున్నవి. అంతకంటె దూరపు ఉదాహరణ మలయా. పందొమ్మిదవ శతాబ్దం చివరి నుండి తీరాంధ్ర మండలాల వారు కూలికి పోయి పనిచేసిన రబ్బరు తోటలలో అధికభాగం ఇటువంటి ఆమ్లపు ఎర్రనేలల మీదివే. రబ్బరు, తేయాకు, అనాస వంటివి ఆ నేలను ఓర్చుకొనే చెట్లు, ప్రత్తి ఓర్చుకోదు.

పేరు సంగతికి మరలుదాము. ఉన్నదానికి పేరు ఎంత సూక్ష్మంగా పుడుతుందో చవుడు అన్న మాట చూపుతుంది. తెలుగు రైతు చవుడును రెండు విధాలుగా చెబుతాడు: పాలచవుడు, కారుచవుడు. మొదటిది నేలపై తెల్లగా పొంగే ఉప్పు. రెండవది నల్లని మరకలతో, నీరు ఇంకక, తడిస్తే జారుడుగా, ఎండితే రాయిగా మారే నేల. ఇందులోని కారు నలుపునకు పర్యాయం. శాస్త్రం చేసిన విభాగం సరిగా ఇదే. మొదటిది లవణనేల, పి.హెచ్. 8.5కు లోబడి ఉంటుంది. మంచినీటితో ముంచి కడిగితే బాగుపడుతుంది. రెండవది సోడియం పట్టిన క్షారనేల, పి.హెచ్. 8.5ను మించుతుంది, ఆ క్షారంలో కుళ్లిన ఆకు అలము కరిగి పైకి రావడం చేత నల్లబడుతుంది, జిప్సం వేయనిదే ఎంత నీరు పెట్టినా లాభం లేదు. సంస్కృతంలో ఊషరం అన్న ఒక్క మాటలో ఇమిడిపోయిన రెంటిని తెలుగు వేరుచేసినది. అమరవ్యాఖ్యానాలకు తెలుగు అర్థం చెప్పేటప్పుడు ఊషరమంటే చవిటినేల అని సరిపెట్టుకొనడం కంటె ఈ భేదం చెప్పడం మేలు.

ఊషానికి మన వాఙ్మయంలో ఉన్న స్థానం కూడా తక్కువది కాదు. శతపథబ్రాహ్మణంలో అగ్న్యాధాన సంభారాలలో జలం, హిరణ్యం, ఆఖుకరీషం, శర్కరలతోపాటు ఊషమూ చెప్పబడినది. మనుస్మృతి పట్టువస్త్రానికీ ఉన్నివస్త్రానికీ ఊషంతో శుద్ధి విధించినది. చాకలివారు చవిటిమన్నుతో బట్టలు ఉడికించడం మొన్నమొన్నటి వరకు ఊరూరా ఉన్నదే. యజ్ఞానికి, ఉతుకుకు, పంటనష్టానికి పనికివచ్చిన మన్నుకు పేరు పుట్టకుండా ఎట్లుంటుంది?

ఇంకొక సాక్ష్యం వంటింటిలోనే ఉన్నది. పసుపుకు సున్నం కలిపితే ఎర్రబారుతుంది. పారాణికీ కుంకుమకూ మూలం ఇదే. దుగ్గిరాల బజారు నిండా పసుపు ఉండే ప్రాంతంలో పుట్టినవారికి ఈ పరీక్ష చెప్పనక్కరలేదు. కాని పసుపు క్షారాన్ని మాత్రమే పట్టి ఇస్తుంది. చింతపండు రసం కలిపితే దానిలో మార్పు రాదు. మన ఇంటి పరీక్షకూడా క్షారం వైపే చూచేది. నేనెరిగినంతలో ఈ మైదానపు రైతుల వాడుకలో పుల్లని నేల అన్న జాతీయం లేదు. అదే ఇంగ్లండులో చూడండి: చల్లని ఎడతెగని వానలకు సున్నం కడుక్కొనిపోయే దేశం కనుక అక్కడి సేద్యగాండ్రకు పుల్లని నేల, తీయని నేల అన్న వాడుక సహజమైనది, తీపి చేయడమంటే సున్నం వేయడం. బ్రిటనులోనూ గాల్ దేశంలోనూ సున్నపుమట్టి చల్లే ఆచారాన్ని రోమను పండితుడు ప్లినీ క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే పేర్కొన్నాడు. ఏ దేశపు వాన ఏది మిగిల్చితే దానికి ఆ దేశపు భాషలో పేరు మిగిలినది. అమరుని మౌనానికి కారణం నాకు తోచినంతలో ఇదే.

అయితే వృక్షాయుర్వేదం చెప్పిన అమ్లరసభూమి మాట ఏమి అని ఆక్షేపించవచ్చు. సురపాలుని వృక్షాయుర్వేదం, ఆక్స్‌ఫర్డులోని చేతివ్రాతప్రతి ఆధారంగా, నళినీ సాధలే ఆంగ్లానువాదంతో 1996లో సికిందరాబాదులోని ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థ ద్వారా వెలువడి అందరికీ అందుబాటులోనికి వచ్చినది. అందులో జాంగలం, అనూపం, సాధారణం అనే మూడు భూములు. ఒక్కొక్క దానికి వర్ణాన్ని బట్టి ఆరు, రసాన్ని బట్టి ఆరు భేదాలు. ఈ లెక్కను చూస్తేనే ఇది ప్రస్తారమని తెలుస్తుంది. ఆరు రసాలూ సిద్ధాంతంలో ముందే ఉన్నవి. వాటిని భూమికి పంచినారు. తీపినేల, కారపునేల ఎవరు నాకి చూచినారు అని అడిగితే ఎంత అసంబద్ధమో, అమ్లనేలను అల్టిసోల్‌గా గుర్తించడం అంత అసంబద్ధం. నిజంగా చూచి చెప్పిన లవణ, క్షార భేదాలు ఈ పట్టికలో లేవని కాదు. పట్టికలో ఉన్నంత మాత్రాన ప్రతి గడీ చూచి నింపినది కాదు అని నా భావం.

ఇందుకు శాస్త్రాంతరమే సాక్షి. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో జలగుణాలు చెప్పే సందర్భంలో ఒక పరమతం ఉదాహరింపబడినది. ఎరుపు, కపిలం, పాండురం, నీలం, పసుపు, తెలుపు అనే ఆరు రంగుల నేలలలో వరుసగా మధురం, అమ్లం, లవణం, కటువు, తిక్తం, కషాయం అయిన నీరు పుడుతుందని కొందరంటారట. సుశ్రుతుడు దీనిని ఉదాహరించి, అది సరికాదని స్పష్టంగా తిరస్కరిస్తాడు. పంచభూతాలు ఒకదానిలో ఒకటి ఎక్కువ తక్కువలుగా ప్రవేశించడం వలన నీటికి రసం కలుగుతుందని ఆయన సిద్ధాంతం. రంగు చూచి రుచి నిర్ణయించరాదు, లోపలి కూర్పును విచారించవలెను అన్న ఈ మాట మన శాస్త్రాలలో నేలను గూర్చి చెప్పిన వాటిలో మేలైనదని నేను తలుస్తాను. అల్టిసోల్, ఆల్ఫిసోల్ రెండూ ఎర్రనివే అయినా లోపలి లెక్కతో వేరుపడుతున్న తీరును పైన చూచినాము. ఇంతటి తిరస్కారాన్ని ప్రక్కన పెట్టి, ఆయన తిరస్కరించిన మతాన్నే ప్రాచీనుల విజ్ఞానంగా చాటడం న్యాయం కాదు.

వరాహమిహిరుని బృహత్సంహిత దకార్గలాధ్యాయాన్ని దీని ప్రక్కన పెట్టి చూడవలెను. ఆకాశం నుండి పడిన నీరు ఏకవర్ణం, ఏకరసం. భూవిశేషం చేతనే దానికి నానావర్ణాలు, నానారసాలు కలుగుతాయన్నది అక్కడి మొదటి ప్రతిజ్ఞ. ఇది నిర్దుష్టమైన మాట. తరువాత గులకలతో కూడిన రాగిరంగు నేల కషాయజలాన్నీ, కపిలభూమి క్షారజలాన్నీ, పాండురభూమి లవణజలాన్నీ, నీలభూమి మధురజలాన్నీ ఇస్తుందని చెబుతాడు. పాండురానికి లవణం అన్న ఒక్కచోట సుశ్రుతుడు ఉదాహరించిన మతంతో ఏకీభావం ఉన్నది. తెల్లగా పొంగే పాలచవుడును చూచినవారు ఎవరైనా అట్లే చెబుతారు. కపిలం దగ్గర మాత్రం ఒక గ్రంథంలో అమ్లం, ఇంకొక గ్రంథంలో క్షారం. నేటి దృష్టిలో ఇవి పరస్పర విరుద్ధాలు. చూచిన చోట ఏకీభావం, చూడని చోట విభేదం అన్నమాట.

మరొక యుక్తి. సుశ్రుతుని స్వంత సిద్ధాంతంలో పృథివీగుణం ఎక్కువైన నేలలోని నీరు అమ్లమూ లవణమూ అవుతుంది. ఒకే నేలలో రెండూ! ఆమ్లపు ఎర్రబంకనేల లవణాలన్నీ కడుక్కొనిపోయిన తరువాతనే ఆమ్లమవుతుంది కనుక సుశ్రుతుని అమ్లభూమి అది కాజాలదు. సముద్రపు పట్టున గంధకం కలిసిన చిత్తడినేలలు, కేరళలోని కుట్టనాడులో వలె, ఆమ్లమూ లవణమూ రెండూ కలవిగా ఉంటాయి. కాని ఆయన మాటను అంత ప్రత్యేకస్థలానికి ముడిపెట్టడానికి గ్రంథంలో ఆధారం లేదు.

ఇక్కడ ఒక ఆకర్షణీయమైన ఊహ తలయెత్తుతుంది. ఆమ్లనేలలో పైరును బాధించేది అల్యూమినియం అని చెప్పుకొన్నాము. అల్యూమినియం లవణాలలో మనకు బాగా తెలిసినది పటిక. దాని రసం పులుపు కంటె ముందు కషాయం. గులకలతో కూడిన రాగిరంగు నేల కషాయజలాన్ని ఇస్తుందన్న వరాహమిహిరుని మాట లేటరైటు నేలకు అచ్చంగా సరిపోయేటట్లున్నది కదా! అట్లైతే ప్రాచీనులు ఆమ్లనేలను అమ్లమని కాక కషాయమని గుర్తించినారనవచ్చునా? నేను ఈ ఊహను ముచ్చటపడి చూచి, ప్రక్కన పెడుతున్నాను. పైరును బాధించే అల్యూమినియం పరిమాణం లీటరుకు మిల్లీగ్రాములలోనిది. అంత స్వల్పాన్ని నాలుక గుర్తిస్తుందని నమ్మడం కష్టం. ఇనుము వలనా, ఆకుల తొగరు దిగిన నీటి వలనా కూడా కషాయరుచి రావచ్చు. దకార్గలం నూతులు త్రవ్వేవారి శాస్త్రం. దాని దృష్టి త్రాగునీటి మీద, పైరు వేరు మీద కాదు. మలబారు, కొంకణ ప్రాంతాల శాసనాలలోనో దేశభాషాకోశాలలోనో ఎర్రగులక నేల నీటిని కషాయమని పేర్కొన్న సాక్ష్యం దొరికితే ఈ ఊహకు మళ్లీ విలువ వస్తుంది. వెదకదలచిన వారికి అది మంచి పని.

చివరగా నేటి పరిభాషను గూర్చి నాలుగు మాటలు. తెలుగు రసాయనశాస్త్రంలో ఆమ్లానికి ప్రతిగా క్షారం అన్న పదమే వాడుతున్నాము. నేలలోని సోడియం దోషానికీ క్షారమే అంటున్నాము. అందువలన క్షారసంతృప్తత తక్కువగా ఉన్న నేల అన్న పాఠ్యవాక్యాన్ని విద్యార్థి చవుడు లేని మంచినేల అని గ్రహించే ప్రమాదం ఉన్నది. శాస్త్రజ్ఞుడు చెప్పదలచినది సరిగా దీనికి వ్యతిరేకం: కాల్షియం, మెగ్నీషియం కరవైన బీదనేల. ఇక్కడ క్షారశబ్దాన్ని ఊషార్థానికే ఉంచి, రెండవ అర్థానికి భస్మమూలకాల నిండుదనం వంటి కొత్త సమాసాలు కూర్చడం కంటె, కాల్షియం మొదలైన పోషకాల నిండుదనం అని విప్పి చెప్పడమే నాకు ఉచితంగా తోస్తున్నది. అట్లే బంకమన్ను అన్న మాటను రేగడికి, కుమ్మరిమట్టికి ఉంచి, రేణుపరిమాణాన్ని చెప్పవలసిన చోట సన్నమన్ను అంటే మలబారు ఎర్రమట్టిని ముట్టుకొన్నవాడు తికమకపడడు. ఆక్రిసోల్, అల్టిసోల్ అన్న పేర్లకు తెలుగు చేయవలసిన అవసరం లేదు. అమ్లభూమి అని అనువదించిన మరుక్షణం అది సురపాలుని పట్టికలోని గడితో కలిసిపోతుంది. లేటరైటును మనం ఇటుకరాయి అని మార్చకుండానే రెండు శతాబ్దాలుగా వాడుతున్నాము.

అమ్ల, ఆమ్ల రూపాలు రెండూ సంస్కృతంలో సాధువులే. రసాన్ని చెప్పేటప్పుడు హ్రస్వాదిని, రసాయనగుణాన్ని చెప్పేటప్పుడు దీర్ఘాదిని వాడే ఆచారం తెలుగులో ఇప్పటికే కొంతవరకు స్థిరపడి ఉన్నది. ఈ వ్యాసంలోనూ శీర్షికలోనూ మొదటి పేరాలోనూ తప్ప ఆ నియమాన్నే పాటించినాను. ఆ రెండు చోట్ల అడిగినది అమరుని భాషలోని ప్రశ్న కనుక హ్రస్వమే ఉంచవలసి వచ్చినది.